సర్వర్ జవాబిస్తూనే ఉంది, అందాల్సిన చోటికే అందట్లేదు

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసు. కింద గోడౌను, పై అంతస్తులో బిల్లింగు, ఆ పైన ఓనరు గారి గది. కంప్యూటర్లు నలభై లోపే. నేను చూసుకునే నాలుగైదు చిన్న ఆఫీసుల్లో ఇదొకటి. నెలకోసారి వెళ్తాను, మధ్యలో ప్రింటరు అలిగితే ఫోన్లోనే సర్దుతాను. వీళ్ళ సేల్స్ కుర్రాళ్ళు పొద్దున్నే బండ్లేసుకుని తెనాలి, గుడివాడ, మచిలీపట్నం వైపు మందుల షాపులన్నీ తిరుగుతూ ఫోన్లోని యాప్‌లో ఆర్డర్లు కొడతారు. ఆ యాప్ మాట్లాడేది ఎక్కడో ఉన్న క్లౌడ్‌తో కాదు, బిల్లింగు గదిలో బీరువా పక్కన పెట్టిన విండోస్ సర్వర్‌తో. అది ఒక గంట బయటికి కనబడకపోతే మధ్యాహ్నం ఆటోలకి లోడు ఉండదు.

ఇన్నాళ్ళూ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటరే అన్ని పనులూ చేసేది. ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు బిగుసుకుపోయేది, ఎవరో ఒకరు వెళ్ళి స్విచ్ ఆపి వేసేవాళ్ళు. విసిగిపోయి ఓనరు గారు ఇంకో కంపెనీ ఫైబర్ లైను తీసుకున్నారు. నేను నాలుగు పోర్టులున్న చిన్న డబ్బాలో పీఎఫ్‌సెన్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కి కాపలా తలుపు) సిద్ధం చేశాను. "పాత లైను ఒక నెల ఉండనీ బాబూ, దేనికైనా మంచిది" అన్నారాయన. సబబే అనిపించింది. పాత రౌటర్ 192.168.10.254 అనే ఐపీ (నెట్‌వర్క్‌లో చిరునామా) మీద అలాగే ఉంది, కొత్త ఫైర్‌వాల్‌కి 192.168.10.1 ఇచ్చాను. ఆ మంచి సలహాయే నా ఆదివారం మొత్తం తినేసింది.

శనివారం రాత్రి షట్టరు దించాక మార్పిడి మొదలుపెట్టాను. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి ఐపీలు దానంతటదే పంచే పని) ఆపేసి, ఫైర్‌వాల్‌లో వేశాను. కంప్యూటర్లు ఒక్కొక్కటీ రీస్టార్ట్ చేస్తే అన్నీ కొత్త గేట్‌వే (బయటికి వెళ్ళే దారి) పట్టుకున్నాయి. స్పీడ్ టెస్ట్ పెడితే ఓనరు గారి మొహం వెలిగింది. ఆయన ఇంటికి వెళ్ళిపోయారు. పావుగంటలో పోర్ట్ ఫార్వర్డ్ (బయటినుంచి యాప్ కొట్టే తలుపుని లోపలి సర్వర్‌కి కలిపే రూలు) కూడా పెట్టేసి నేనూ వెళ్ళొచ్చనుకున్నాను.

ఫైర్‌వాల్ మొదటి పేజీలో బయటి వైపు ఐపీ 100.72తో మొదలైంది. బ్రౌజర్లో "నా ఐపీ ఏది" అని వెతికితే ఇంకేదో చూపించింది. ఆ రెండూ ఒకటి కాకపోతే మన ఫైర్‌వాల్ పైన ఇంకో నాట్ (దారిలో ఐపీలు మార్చే డబ్బా) కూర్చుందన్నమాట. 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఉన్న వరుసని 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం ఇలాంటి పనికే కేటాయించారు. ఇంటర్నెట్ కంపెనీ తన కస్టమర్లందరినీ ఒకే గొడుగు కింద పెట్టుకుని, కొన్ని పబ్లిక్ ఐపీలనే అందరికీ పంచుతుంది. బయటికి పోవడానికి దీంతో ఇబ్బంది లేదు. బయటినుంచి లోపలికి రావాలంటేనే కుదరదు, ఎందుకంటే మొదటి తలుపు కంపెనీవాళ్ళది, దాని తాళం మన దగ్గర ఉండదు. అసలీ నాట్ అన్నదే 1994 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1631గా వచ్చినప్పుడు, ఐపీలు అయిపోతున్నాయి కాబట్టి కొన్నాళ్ళకి సర్దుకుందాం అని చెప్పిన తాత్కాలిక ఉపాయం. మన దేశంలో తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డులాగే అది కూడా పర్మినెంటయిపోయింది.

స్టాటిక్ ఐపీకి (మారకుండా మనకే ఉండే పబ్లిక్ ఐపీ) డబ్బు ముందే కట్టారు. రసీదు కూడా ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. చేశాను. ఇంకొకరు ఎత్తి మళ్ళీ అదే అన్నారు. మూడో మనిషి మాత్రం వినగలిగిన మనిషి. మా కనెక్షన్‌కి ప్లాన్ యాక్టివేట్ అయింది కానీ స్టాటిక్ ఐపీ తగిలించలేదని చూసి చెప్పాడు. పది నిమిషాల్లో తగిలించాడు. పీపీపీఓఈ సెషన్ (కంపెనీ లైనులోకి లాగిన్) తెంచి మళ్ళీ కలిపితే అసలు సిసలైన పబ్లిక్ ఐపీ వచ్చింది. వాళ్ళ నిజమైన ఐపీ ఇక్కడ రాయను. ఉదాహరణలకోసమే విడిగా పెట్టిన వరుసలోంచి 203.0.113.25 అనుకుందాం.

ఇక పోర్ట్ ఫార్వర్డ్. బయటినుంచి 203.0.113.25లో 8443 అనే పోర్టుకి (ఆ చిరునామాలో తలుపు నంబరు లాంటిది) వచ్చింది లోపల 192.168.10.20లోని 443కి వెళ్ళాలి. 8443 ఎందుకంటే, పాత రౌటర్ తన సొంత అడ్మిన్ పేజీ కోసం 443ని వాడుకునేది. అందుకని ఎప్పుడో ఎవరో యాప్‌లో 8443 అని రాశారు, అలా ఉండిపోయింది. ఆ అంకెని గుర్తుపెట్టుకోండి, సోమవారం పొద్దున మళ్ళీ వస్తుంది.

రూలు రాశాను. ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద యాప్ తెరిచాను. తిరుగుతూ ఉంది. తిరిగి తిరిగి "సర్వర్ దొరకలేదు" అంది.

మొదటి తప్పు నాదే. ఆలస్యమైన రాత్రుళ్ళలో ప్రతిసారీ చేస్తాను. పోర్ట్ ఫార్వర్డ్‌కి జతగా ఉండాల్సిన ఫైర్‌వాల్ రూలుని దానంతటదే తయారుచేసుకోనివ్వకుండా, నేనే చేత్తో రాశాను. గమ్యం దగ్గర ఫైర్‌వాల్ బయటి ఐపీ పెట్టాను. పీఎఫ్‌సెన్స్‌లో గమ్యం చిరునామా మార్చడం ముందు జరుగుతుంది, రూలు చూడడం తర్వాత. రూలు దగ్గరికి వచ్చేసరికి ప్యాకెట్టు మీద 192.168.10.20 అనే రాసి ఉంటుంది, నా రూలేమో 203.0.113.25 కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. లైనక్స్‌లో ఐపీటేబుల్స్ వాడినవాళ్ళకి ఇది తెలిసిందే, ప్రీరౌటింగ్ అయ్యాకే ఫార్వర్డ్ వస్తుంది. లాగ్‌లో నా ఫోన్ ప్యాకెట్లన్నీ ఎర్ర గుర్తుతో వరుసగా కనబడ్డాయి. రూలు మార్చాను. ఎర్ర గుర్తులు పోయాయి.

యాప్ మాత్రం తెరుచుకోలేదు.

లాగ్‌లో ఎర్ర గుర్తు లేకపోయినా పని జరగని పరిస్థితే నాకు అన్నిటికంటే చిరాకు. తప్పు కనబడితే దాని మీద పడొచ్చు. ఇక్కడ ఫైర్‌వాల్ "నేను వదిలేశానయ్యా" అంటోంది. ఆ మాట నమ్మి నేను సర్వర్ మీద పడ్డాను. సర్వర్లో బ్రౌజర్ తెరిచి దాని సొంత పేజీ చూశాను, వస్తోంది. పక్క కంప్యూటర్లోంచి 192.168.10.20 కొట్టాను, వస్తోంది. ఫైర్‌వాల్‌లోంచి పింగ్ చేశాను, వెళ్తోంది. ఫైర్‌వాల్‌లోనే పోర్టు తెరిచి ఉందో లేదో చూసే టెస్ట్ ఉంటుంది, అది పెట్టాను, 443 తెరిచే ఉందంది. సర్వర్లోంచి ఇంటర్నెట్ చూశాను, బ్రహ్మాండంగా ఉంది. అయిదు పరీక్షలు, అయిదింట్లోనూ పాస్. ఫలితం ఫెయిల్. అప్పటికి పదకొండున్నర దాటింది. వాచ్‌మన్ రెండోసారి వచ్చి "ఇంకా అవలేదా అన్నా?" అన్నాడు. తాళాలు అతనికిచ్చి వచ్చేశాను.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఊహలు పక్కన పెట్టి, వచ్చీపోయే ప్యాకెట్లని పట్టి చూపించే ప్యాకెట్ క్యాప్చర్ తెరిచాను. శనివారం రాత్రే చేయాల్సిన పని. కానీ "చిన్న పోర్ట్ ఫార్వర్డే కదా, దీనికి క్యాప్చర్ ఎందుకు" అనే పొగరు ఒకటి ఉంటుంది మనకి.

ముందు బయటి వైపు పెట్టాను. నా ఫోన్ నుంచి సిన్ ప్యాకెట్టు, అంటే "మాట్లాడొచ్చా" అనే మొదటి పలకరింపు, వచ్చింది. ఒక సెకను ఆగి మళ్ళీ వచ్చింది, ఇంకో రెండు సెకన్లకి మళ్ళీ. జవాబు రాక ఫోను అడిగిందే అడుగుతోంది. సరే, లోపలి వైపు పెట్టాను. అదే ప్యాకెట్టు, గమ్యం 192.168.10.20గా మారి, 443కి వెళ్తోంది. అంటే మార్పిడి సరిగ్గానే జరుగుతోంది. కానీ సర్వర్ నుంచి దానికి జవాబైన సిన్-యాక్ ఒక్కటి కూడా రావట్లేదు. ఫైర్‌వాల్ తన సంభాషణల పద్దులు రాసుకునే స్టేట్ టేబుల్లో లోపలి వైపు పద్దు సిన్ సెంట్ దగ్గర ఆగి ఉంది, అవతలి వైపు క్లోజ్డ్ అని ఉంది. అడిగాం, ఎవరూ పలకలేదు అని దాని భావం.

ఇక్కడ నాకు అనుమానం వచ్చింది విండోస్ ఫైర్‌వాల్ మీద. అందులో రూళ్ళకి పరిధి ఉంటుంది. లోకల్ సబ్‌నెట్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) వరకే అనుమతి అని ఎవరైనా పెట్టి ఉంటే, పక్క కంప్యూటర్‌కి పేజీ వస్తుంది, బయటి ఫోనుకి రాదు. లక్షణాలు అచ్చం సరిపోయాయి. తెరిచి చూస్తే పరిధి ఏదీ లేదు, ఎవరైనా రావచ్చు అని ఉంది. అయినా నమ్మకం కలగక రెండు నిమిషాలు మొత్తం ఆపి చూశాను. తేడా లేదు. మళ్ళీ వేశాను. (ఆపినవాళ్ళు మళ్ళీ వేయడం మర్చిపోయిన సర్వర్లు నా సర్వీసులో మూడు చూశాను, అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.)

చివరికి సర్వర్ మీదే వైర్‌షార్క్ (ప్యాకెట్లు విప్పి చూపించే ప్రోగ్రాం) పెట్టాను. ఫోన్లో యాప్ నొక్కాను. సిన్ వచ్చింది. ఆ వెంటనే, సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా, సర్వర్ సిన్-యాక్ పంపింది.

కుర్చీలో వెనక్కి వాలాను. రాత్రంతా నేను తిట్టుకున్న సర్వర్ ప్రతిసారీ మర్యాదగా జవాబిస్తూనే ఉంది. సర్వర్ పంపిన జవాబు ఫైర్‌వాల్‌కి చేరట్లేదు. మధ్యలో ఒక స్విచ్ తప్ప ఏమీ లేదు. మరి ఎక్కడికి పోతోంది?

వైర్‌షార్క్‌లో ఆ ప్యాకెట్టుని విప్పి, ఈథర్‌నెట్ వరుసలో గమ్యం మ్యాక్ (పరికరం సొంత హార్డ్‌వేర్ చిరునామా) చూశాను. అది ఫైర్‌వాల్ మ్యాక్ కాదు. సర్వర్లో, ఏ ఐపీ ఏ మ్యాక్‌దో చెప్పే ఆర్ప్ పట్టిక తీసి పోల్చాను. ఆ మ్యాక్ 192.168.10.254ది. పాత రౌటర్.

సర్వర్ నెట్‌వర్క్ సెట్టింగులు చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొడితే సంగతంతా తేలిపోయింది. కంప్యూటర్లు డీహెచ్‌సీపీలోంచి కొత్త గేట్‌వే తీసుకున్నాయి. సర్వర్‌కి మాత్రం నాకు ముందు చూసినాయన ఐపీ, గేట్‌వే అన్నీ చేత్తో రాసిపెట్టాడు. దాని దృష్టిలో బయటి ప్రపంచానికి దారి ఇంకా 254 దగ్గరే. నా ఫోను ఐపీ బయటిది కాబట్టి, దానికి జవాబు పాత రౌటర్ చేతిలో పెట్టేది. పాత రౌటర్‌కి ఆ సంభాషణ ఎప్పుడు మొదలైందో తెలీదు. అది పారేసినా, పాత లైను ఐపీ అతికించి బయటికి పంపినా, నా ఫోనుకి ఒకటే. తాను అడిగింది 203.0.113.25ని. వేరే చోటినుంచి వచ్చేదాన్ని అది తీసుకోదు.

కింద ఉన్నది గోడౌనే కాబట్టి గోడౌను లెక్కే తట్టింది. సరుకు ముందు గేటులో చలానా రాయించుకుని లోపలికొచ్చింది. వాపసు వెళ్ళేటప్పుడు వెనక గేటులోంచి పోతే ముందు గేటు రిజిస్టర్లో ఆ పద్దు ఎప్పటికీ మూయబడదు, వెనక గేటు వాచ్‌మనేమో "మీ చలానా ఏది" అని ఆపేస్తాడు. నాట్ చేసే డబ్బా ఏదైతే చిరునామా మార్చిందో, తిరుగు ప్రయాణంలో దాన్ని మళ్ళీ మార్చాల్సిందీ అదే. ఇంకొకరి వల్ల కాదు.

ఇప్పుడు ఆ అయిదు పరీక్షలూ ఎందుకు పాసయ్యాయో చూడండి. పక్క కంప్యూటరు, ఫైర్‌వాల్ పింగ్, పోర్ట్ టెస్ట్, మూడూ అదే 192.168.10 లోపలివే. ఆ జవాబులకి గేట్‌వేతో పనే లేదు. నాలుగోది సర్వర్ తనని తాను చూసుకోవడం. అయిదోది, సర్వర్లో ఇంటర్నెట్ రావడం, అన్నిటికంటే పెద్ద మోసం. అది వచ్చింది పాత లైను మీద. ఓనరు గారు "దేనికైనా మంచిది" అని ఉంచిన లైను మీద. పాత లైను శనివారం రాత్రే పీకేసి ఉంటే, సర్వర్లో ఇంటర్నెట్ పోయేది, గేట్‌వే తప్పని అయిదు నిమిషాల్లో తెలిసేది.

గేట్‌వే 254 తీసి 1 పెట్టాను. యాప్ నొక్కాను, తెరుచుకుంది. బందరులో ఉండే ఒక సేల్స్ కుర్రాడికి ఫోన్ చేసి చూడమంటే, "వచ్చింది అన్నా, ఎప్పటికన్నా ఫాస్ట్‌గా ఉంది" అన్నాడు.

దీనికి ఇంకో దారి కూడా ఉంది. సర్వర్‌ని ముట్టుకోకుండా, లోపలికి వెళ్ళే ప్యాకెట్ల పుట్టుక చిరునామా కూడా ఫైర్‌వాల్‌దిగా మార్చేస్తే, సర్వర్ అది పక్కింటినుంచే వచ్చిందనుకుని నేరుగా ఫైర్‌వాల్‌కే జవాబిస్తుంది. పని అయిపోతుంది. కానీ అప్పుడు సర్వర్ లాగ్‌లో లోకం మొత్తం 192.168.10.1 అనే ఒకే మనిషిగా కనబడుతుంది. ఎవరైనా పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు కొడుతుంటే ఎక్కడినుంచో తెలీదు. సర్వర్ గేట్‌వే మార్చే హక్కు మన చేతిలో లేనప్పుడు తప్ప నేను ఆ పని చేయను. ఈ పంతం ఒక్కరోజే నిలిచింది, అది వేరే సంగతి.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్. గోడౌను ఇన్‌చార్జి గారు. "ఏవండీ, బయట కుర్రాళ్ళందరికీ వస్తోందట. మాకే రావట్లేదు. ఆర్డర్ చూడకుండా సరుకు ఎలా తియ్యమంటారు?" గోడౌనులో సరుకు తీసేవాళ్ళు అదే యాప్‌ని ఆఫీసు వైఫై మీద వాడతారు. శని, ఆదివారాల్లో నేను చూసిందంతా మొబైల్ డేటా మీదే. వైఫై మీద చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఇది పాఠ్యపుస్తకాల్లో ఉండే సమస్య. దీన్ని హెయిర్‌పిన్ అంటారు, ఘాట్ రోడ్డులో మలుపులాగా వచ్చిన దారినే వెనక్కి తిరగాలి కాబట్టి. ఫోను లోపలే ఉంది, సర్వరూ లోపలే ఉంది, యాప్‌కి మాత్రం తెలిసింది బయటి పేరు, దానికి డీఎన్ఎస్ (పేరుకి ఐపీ చెప్పే వ్యవస్థ) ఇచ్చేది 203.0.113.25. పాత రౌటర్ ఈ మలుపుని చెప్పకుండానే తిప్పేసేది. పీఎఫ్‌సెన్స్‌లో మనం చెప్పేదాకా తిప్పదు.

నాకు నచ్చే పద్ధతి డీఎన్ఎస్‌లోనే సర్దేయడం. లోపలివాళ్ళు ఆ పేరు అడిగితే 192.168.10.20 అని చెప్పమని ఫైర్‌వాల్‌లోని డీఎన్ఎస్ రిజాల్వర్‌లో హోస్ట్ ఓవర్‌రైడ్ రాశాను. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోవడానికి వీధిలోకి ఎందుకు వెళ్ళాలి? రాసి, ఇంటినుంచే "ఇప్పుడు చూడండి" అన్నాను. "రావట్లేదు."

8443. డీఎన్ఎస్ చిరునామా మారుస్తుంది, పోర్టు మార్చదు. బయటినుంచి వచ్చినవాళ్ళకి 8443ని 443గా మార్చేది ఫైర్‌వాల్. లోపలివాళ్ళు ఇప్పుడు ఫైర్‌వాల్‌ని తాకకుండా నేరుగా సర్వర్‌లోని 8443 తలుపు కొడుతున్నారు. అక్కడ ఎవరూ లేరు. ఏదో ఒకనాటి రౌటర్ అడ్మిన్ పేజీ కోసం పుట్టిన అంకె, ఆ రౌటర్ పక్కకెళ్ళాక కూడా మమ్మల్ని పీడించింది. సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో 8443 మీద కూడా వినమని పెట్టి, విండోస్ ఫైర్‌వాల్‌లో తెరిచాక గోడౌనులో ఫోన్లు ఒక్కొక్కటే పలకడం మొదలెట్టాయి.

ఒక్కొక్కటే అన్నాను, అన్నీ కాదు. తొమ్మిదింట్లో ఏడు పలికాయి. రెండు మొండికేశాయి. ఫోను మాటలతో కుదరదని బండి తీశాను.

ఆ రెండు ఫోన్లలో సెట్టింగులు చూస్తే ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర బయటి సర్వీసు పేరు ఒకటి రాసి ఉంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఆ సదుపాయం ఉంది. ప్రకటనలు రాకుండా చేస్తుందని ఎవరో వీడియోలో చెప్తే పెట్టుకున్నారట. అది పెట్టుకున్న ఫోను ఆఫీసు వైఫైలో ఉన్నా మన రిజాల్వర్‌ని అడగదు, గుప్తంగా బయటివాళ్ళనే అడుగుతుంది. వాళ్ళు 203.0.113.25 అనే చెప్తారు. నా హోస్ట్ ఓవర్‌రైడ్‌ని పట్టించుకునేవాళ్ళే లేరు. "తీసేయండి" అనొచ్చు. రేపు ఇంకొకరు పెట్టుకుంటారు. సొంత ఫోన్లు తెచ్చుకుని ఆఫీసు పని చేస్తున్నవాళ్ళకి ప్రకటనలు చూడండని చెప్పే మొహం నాకు లేదు.

కాబట్టి ఆ మలుపుని ఫైర్‌వాల్ చేతే తిప్పించే నాట్ రిఫ్లెక్షన్ వేయక తప్పలేదు. అడ్వాన్స్‌డ్ పేజీలో ప్యూర్ నాట్ ఎంచుకుని సేవ్ చేశాను. మొండి ఫోన్లు ఇంకా మొండిగానే ఉన్నాయి. ఈసారి సందేహించకుండా సర్వర్ మీద వైర్‌షార్క్ పెట్టాను. 192.168.10.87 నుంచి సిన్ వచ్చింది, అది గోడౌనులో ఫోను. సర్వర్ సిన్-యాక్ ఇచ్చింది. వెంటనే ఫోను నుంచి రీసెట్. మళ్ళీ సిన్, మళ్ళీ జవాబు, మళ్ళీ రీసెట్.

పెళ్ళిళ్ళ పేరయ్య ద్వారా మనం ఒక కబురు పంపాం అనుకోండి. అవతలివాళ్ళు చూస్తే మన పక్క వీధే. పేరయ్యకి చెప్పే పనేముంది అని నేరుగా మన గుమ్మంలోకి వచ్చి "మాకు ఇష్టమేనండీ" అంటారు. మనకి వాళ్ళెవరో తెలీదు. మనం మాట్లాడింది పేరయ్యతో. "ఏ ఇల్లు కావాలండీ మీకు?" అని తలుపేస్తాం. ఫోను చేసింది అదే. 203.0.113.25కి కబురు పెడితే 192.168.10.20 అనే ఎవరో వచ్చి జవాబు చెప్తున్నారు. సర్వర్ తప్పేమీ లేదు, అడిగినవాడు ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాడు కాబట్టి నేరుగా ఇచ్చేసింది.

ఆదివారం చూసినదే ఇది. మొదటిసారి జవాబు పాత రౌటర్‌కి పోయింది, రెండోసారి నేరుగా ఫోనుకి. రెండుసార్లూ మధ్యవర్తిని దాటేసింది. అదే పేజీలో రిఫ్లెక్షన్ కోసం అవుట్‌బౌండ్ నాట్ కూడా చేయమనే టిక్కు ఒకటి విడిగా ఉంటుంది. ఫోనూ సర్వరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు అది తప్పనిసరి. టిక్కు పెట్టాను. లోపలినుంచి అలా మలుపు తిరిగి వచ్చేవాటికి మాత్రమే పుట్టుక చిరునామా 192.168.10.1గా మారుతుంది. ఆదివారం నేను చేయనన్న పనే ఇది. చేశాను. రెండు ఫోన్ల లాగ్‌ల కోసం గోడౌను ఆపలేం. సరైన పద్ధతి సర్వర్‌ని వేరే వీలాన్‌లో (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్), వేరే సబ్‌నెట్‌లో పెట్టడం. అప్పుడు ఎవరి జవాబైనా ఫైర్‌వాల్ మీదుగానే పోవాలి, ఈ టిక్కులేవీ అక్కర్లేదు. దానికి ఒక మేనేజ్డ్ స్విచ్ కావాలి. దాని ఖరీదు చెప్తే ఓనరు గారు "దసరా కానీ బాబూ" అన్నారు.

ఇంటికి వెళ్దామని హెల్మెట్ తీస్తుంటే ఆర్డర్ డెస్క్‌లో అమ్మాయి పిలిచింది. "సార్, మనం చేస్తే ఫోన్లు వెళ్తున్నాయి. పొద్దుట్నుంచి మనకి ఒక్కటి కూడా రాలేదు. షాపులవాళ్ళు సెల్‌కి చేసి తిడుతున్నారు." అక్కడ మూడు ఐపీ ఫోన్లున్నాయి, బయటి క్లౌడ్ ఎక్స్ఛేంజికి కలిసేవి. నేను వాటి సంగతే మర్చిపోయాను. నా సెల్‌లోంచి చేశాను, మోగలేదు. ఆ అమ్మాయి చేత ఒక కాల్ చేయించి, పెట్టేయగానే మళ్ళీ చేశాను. మోగింది! రెండు నిమిషాలాగి చేశాను. మోగలేదు.

ఈసారి క్యాప్చర్ దాకా వెళ్ళక ముందే అర్థమైంది. ఐపీ ఫోను గంటకోసారి ఎక్స్ఛేంజికి "నేనిక్కడే ఉన్నాను" అని యూడీపీలో (కనెక్షన్ పెట్టుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) చెప్తుంది. ఆ వెళ్ళే ప్యాకెట్టుకి ఫైర్‌వాల్ ఒక పద్దు రాసుకుంటుంది, తిరిగొచ్చేవి ఆ పద్దు చూసుకునే లోపలికొస్తాయి. యూడీపీలో సంభాషణ ముగిసిందని చెప్పే మర్యాద లేదు కాబట్టి ఫైర్‌వాల్ గడియారం చూసి పద్దు కొట్టేస్తుంది. పీఎఫ్‌సెన్స్‌లో మామూలుగా అటూ ఇటూ మాటలు జరిగిన యూడీపీకి 60 సెకన్లు, ఒకవైపే నడిచినదానికి 30. ఆ తర్వాత ఎక్స్ఛేంజి నుంచి కాల్ వస్తే, ఎవరు పిలిచారు నిన్ను అని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఫోన్ల సెట్టింగుల్లో నాట్ కీప్ ఎలైవ్ (పద్దు చెరగకుండా మధ్యమధ్యలో చిన్న ప్యాకెట్టు పంపడం) ఆపి ఉంది. మూడింట్లోనూ వేసి 20 సెకన్లు పెట్టాను. ఆ పాత పద్దులు స్టేట్ టేబుల్లోంచి చేత్తో తుడిచేశాను, లేకపోతే రూలు మార్చినా పాతవాటి మీదే నడుస్తూ మనల్ని పిచ్చివాళ్ళని చేస్తాయి. అయిదు నిమిషాలు టీ తాగి వచ్చి చేశాను. మోగింది.

వారం తర్వాత పాత రౌటర్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైనుని అలాగే దాటించేలా) పెట్టి, ఆ లైనుని ఫైర్‌వాల్ మూడో పోర్టులోకి తెచ్చాను. ఇప్పుడు 192.168.10.254 అనే చిరునామా ఆఫీసులో లేదు. ఆ పోర్టు పేజీలో గేట్‌వే ఎంచుకున్నానో లేదో రెండుసార్లు చూసుకున్నాను. అది ఎంచుకోకపోతే పాత లైను మీద వచ్చినవాటికి జవాబులు కొత్త లైనులోంచి పోతాయి, మళ్ళీ మొదటికొస్తాను. కొత్త ఫైబర్ పీకి చూస్తే బిల్లింగు కంప్యూటర్లన్నీ పాత లైను మీదకి వచ్చేశాయి. యాప్ మాత్రం రాలేదు, దాని పేరు ఒక్క 203.0.113.25నే చూపిస్తోంది మరి. ఫైబర్ తిరిగి గుచ్చేసి, స్విచ్‌తోపాటు ఆ పనీ దసరా పద్దులో రాసుకున్నాను.